అరకొర తడి

మెట్ట సేద్యం చేసుకొనే మన కుటుంబాలలో జూన్ నెల వచ్చిందంటే ఒక మాట తప్పకుండా వినబడుతుంది. “ఎండకు విత్తనం మాడిపోయింది” అంటారు. మేము ఈ పరిచర్యలోకి వచ్చి ఇరవై సంవత్సరాలు కావస్తున్నది. పాత అనంతపురం జిల్లాలో, ఎర్రనేలల మధ్యనున్న మూడు చిన్న సంఘాలను చూసుకొంటున్నాము. ఆ మాట ఎన్ని ఇండ్లలో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. అయితే ఆ మాటలో సగమే నిజమున్నది. ఎండిన నేలలో పడియున్న ఎండిన గింజ అంత తేలికగా చావదు. దానిని చంపేది చాలాసార్లు ఎండ కాదు, వచ్చీ రానట్టు వచ్చిపోయిన వాన. మా పెద్దలు దానిని అరకొర తడి అంటారు.

ఇది పొద్దుపోని ముచ్చట కాదు, ప్రియ చదువరులారా. వేరుశనగ ఎకరాకు ఇంచుమించు 50 కిలోల పప్పు పడుతుంది. మొదటిసారి విత్తినది పోతే రెండవసారి కొనేది అప్పుతోనే. మా సంఘాలలో పెండ్లిండ్లు వాయిదా పడినదీ, చదువుకొనే పిల్లలు హాస్టలు విడిచి ఇంటికి వచ్చినదీ ఎక్కువగా ఈ రెండవ విత్తనం పుణ్యమే. అందుకే, వేదాంత డిప్లొమా తప్ప వ్యవసాయ విద్య లేని మేము కూడ ఈ సంగతిని గూర్చి చదివి, సేద్యగాండ్లను అడిగి, కొంత రాయడానికి పూనుకొన్నాము.

మొదట పొడి గింజ సంగతి చెప్పుకొందాము. బాగా ఎండిన గింజలో ప్రాణం పోయి ఉండదు, బూడిద కప్పిన నిప్పువలె ఉంటుంది. ఊపిరి ఉన్నదా లేదా అన్నట్టు, ఎంతో మెల్లగా ఖర్చవుతుంది. హారింగ్టన్ అనే అమెరికా విత్తన శాస్త్రజ్ఞుడు ఒక లెక్క చెప్పాడు. నిలువ చేసిన గింజలో తేమ 1 శాతం తగ్గితే దాని ఆయుష్షు రెండింతలవుతుంది. వేడి 5 డిగ్రీలు తగ్గితే మరల రెండింతలు. ఇది ఉజ్జాయింపు లెక్క. గింజలో తేమ 5 నుండి 14 శాతం మధ్య ఉన్నప్పుడే వర్తిస్తుంది. అయినా మన ఇండ్లకు సరిపోయినంత నిజం ఇందులో ఉన్నది. మన అవ్వలకు శాతాలు తెలియవు. జొన్న గింజను పంటి కింద వేసి, టక్కుమని పగిలితేనే కుండలో పోసేవారు. వేపాకూ బూడిదా కలిపి, మూతికి పేడ మెత్తేవారు. వేరుశనగ కాయను చెవి దగ్గర ఆడించి, లోపల పప్పు గలగలమంటేనే విత్తనానికి ఎత్తిపెట్టేవారు. నేడు వ్యవసాయాధికారులు కాయలో తేమ 9 శాతం మించకూడదని చెప్పేదీ, ఆ గలగల శబ్దమూ ఒకటే.

ఇప్పుడు కొన్ని ఇండ్లలో చూస్తున్నాము. విత్తనపు కాయలను ఎరువుల సంచులలో నింపి, సిమెంటు గచ్చు మీద, గోడకు ఆనించి పెడుతున్నారు. వానాకాలంలో ఆ గచ్చు చెమర్చుతుంది. సంచి అడుగున ఉన్న కాయ ఆ చెమ్మను పీల్చుకొంటుంది. పైకి ఏమీ కనబడదు. పొలంలో పోసిన తరువాతనే తెలుస్తుంది. సంచి కింద రెండు చెక్కలు వేస్తే పోయేదేమీ లేదు గదా.

పొడితనం గింజను ఎంతకాలం కాపాడగలదో తెలుసుకోవాలంటే మనం బైబిలు పటంలో ఉన్న ఒక స్థలానికి పోవాలి. మృత సముద్రం ఒడ్డున మసాదా అనే కొండకోట ఉన్నది. క్రీస్తు శకం 73 ప్రాంతంలో రోమా సైన్యం దానిని పట్టుకొన్నది. 1963 నుండి 1965 వరకు అక్కడ తవ్వకాలు జరిపినప్పుడు పాత ఖర్జూరపు గింజలు దొరికాయి. అవి ఇంచుమించు 40 సంవత్సరాలు పెట్టెలోనే ఉండిపోయాయి. 2005లో ఎలైన్ సోలొవే అనే ఆమె వాటిలో మూడింటిని నానబెట్టి, అరబా లోయలో ఉన్న కెతూరా అనే ఊరిలో నాటింది. ఒకటి మొలిచింది. గింజ పెంకును పరీక్షించి చూస్తే దాని వయస్సు ఇంచుమించు 2000 సంవత్సరాలు. ఆ చెట్టుకు మెతూషెల అని పేరు పెట్టారు. మెతూషెల మగ చెట్టు. తరువాత మొలిపించిన అలాంటి పాత గింజలలో ఒకటి ఆడ చెట్టయింది, దాని పేరు హన్నా. మెతూషెల పుప్పొడి అద్దగా 2020లో హన్నా గెల వేసి 100కు పైగా పండ్లనిచ్చింది. మృత సముద్రపు ఎండ ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు. రెండు వేల వేసవులు ఆ గింజను చంపలేకపోయాయి. అక్కడ దానికి లేనిది తడి ఒక్కటే, అది లేకపోవడమే దాని ప్రాణం కాపాడింది.

మన తంగేడు, తుమ్మ గింజలు వేరే ఉపాయంతో బ్రతుకుతాయి. వాటి తోలు నీటిని లోపలికి పోనియ్యదు. ఒక జల్లుకు మోసపోవు. చిక్కుడు జాతిలో ఇలాంటి గట్టి గింజలను గూర్చి 1954లో హైడ్ అనే పరిశోధకుడు ఒక చిత్రమైన సంగతి కనిపెట్టాడు. ఆయన చూసినవి క్లోవర్, లూపిన్ అనే మొక్కల గింజలు. గింజ బొడ్డు దగ్గర సన్నని చీలిక ఉంటుంది. గాలి పొడిగా ఉన్నప్పుడు అది తెరచుకొని లోపలి చెమ్మను బయటికి పోనిస్తుంది. గాలిలో తేమ రాగానే మూసుకొంటుంది. బయటికే గాని లోపలికి తెరవని తలుపన్నమాట. అలాగున గింజ తాను చూసిన అతి పొడి దినం ఎంత పొడిగా ఉన్నదో అంత పొడిగా తయారవుతుంది. మనం విత్తే వేరుశనగకూ జొన్నకూ ఈ తలుపు లేదు. తరతరాలుగా మనిషి తొందరగా మొలిచే గింజనే ఏరుకొంటూ వచ్చాడు. కాబట్టి అవి ప్రతి జల్లునూ నమ్ముతాయి.

ఇప్పుడు జల్లు సంగతి. గింజ మొలకెత్తడం ఒక్కసారిగా జరిగే పని కాదు. మొదట పొడి గింజ దూది వలె నీటిని పీల్చుకొని ఉబ్బుతుంది. తరువాత లోపల పని మొదలవుతుంది. నిలువ సమయంలో చెడినవాటిని బాగుచేసుకొంటుంది, ఉన్న ఆహారాన్ని కరిగించుకొంటుంది. చివరకు వేరు మొన తోలు చీల్చుకొని బయటికి వస్తుంది. ఇందులో జ్ఞాపకముంచుకోవలసినది ఒక్క గీత. వేరు మొన బయటికి రాకముందు మరల ఎండిపోతే చాలా గింజలు తట్టుకొంటాయి, వెనక్కి తిరిగి నిద్రపోగలవు. వేరు బయటికి వచ్చిన తరువాత వెనక్కి దారి లేదు. అప్పుడు తడి ఆరిందా, ఆ గింజ పని అయిపోయినట్టే.

శనగ రైతులు ఈ గీతకు ఇవతల నిలబడే లాభం పొందవచ్చు. బంగ్లాదేశ్‌లోని బరీంద్ మెట్ట భూములలో శనగ విత్తనాన్ని రాత్రి 8 గంటలు నీటిలో నానబెట్టి, పైతడి ఆరనిచ్చి, తెల్లవారి విత్తే పద్ధతిని రైతులతో చేయించి చూశారు. గింజ సగం దారి ఇంటివద్దనే నడిచి పొలానికి వస్తుంది. నేలలో పదును ఆరకముందే మొలిచి వేరు కిందికి దించుకొంటుంది. నానబెట్టడం ఎక్కువై వేరు మొన కనబడితే మాత్రం చెడుతుంది. నేలలో ముందే పదును ఉండాలి సుమా. పొడి దుక్కిలో నానిన గింజ వేసేవారు లేరనుకొంటాము.

ఈ రెండింటికీ మధ్య ఇంకొక చెడ్డ స్థితి ఉన్నది. నిద్రపోవడానికి ఎక్కువ, మేలుకోవడానికి తక్కువ తడి. పూర్తిగా తడిసిన గింజ తనను తాను బాగుచేసుకోగలదు. పూర్తిగా పొడిగా ఉన్న గింజకు చెడేది తక్కువ. మధ్యలో ఉన్నది ఊపిరి పీలుస్తూ తన ఆహారాన్ని తినేస్తూ ఉంటుంది, బాగుచేసుకొనే శక్తి మాత్రం ఉండదు. గింజ మొలవడానికి చాలని ఆ కొద్దిపాటి చెమ్మ బూజుకు చాలు. పది పన్నెండు దినాలు అలా ఉంటే లోపల నల్లబడుతుంది.

అనంతపురం వైపు సంవత్సరపు వాన సగటున 550 మిల్లీమీటర్ల పైచిలుకు. దేశంలో అతి తక్కువ వాన పడే ప్రాంతాలలో మాది ఒకటి. అంతకంటె కష్టమేమంటే, ఆ వాన వరుసగా రాదు. మృగశిర కార్తెలో ఒక సాయంకాలం 10 మిల్లీమీటర్ల జల్లు పడుతుంది. మట్టి వాసన వస్తుంది, ఊరంతా గొర్రు దింపుతుంది. ఆ జల్లు ఎర్రనేలలో పై నాలుగంగుళాలకు మించి దిగదు. రెండు దినాల గాలికి అందులో సగం ఆవిరైపోతుంది. గింజ పడేది సరిగ్గా అక్కడనే.

విత్తువాని ఉపమానం మేము ఎన్నోసార్లు బోధించాము. రాతినేలను పడిన విత్తనాలు మట్టి లోతు లేనందువలన వెంటనే మొలిచాయనీ, వేరు లేనందువలన ఎండిపోయాయనీ మత్తయి రాశాడు. అదే సంగతి చెపుతూ లూకా మాత్రం చెమ్మ లేకపోవడాన్ని ఎత్తి చూపుతాడు. మా సంఘంలో ఒక పెద్దాయన ఆ రెండు భాగాలు చదివించుకొని, “అయ్యగారూ, లూకా డాక్టరంటారు గానీ సేద్యం కూడ తెలిసినాయనే” అన్నాడు. వ్యాఖ్యాన గ్రంథాలలో మాకు కనబడని మాట అది.

ఆ పెద్దాయన వలననే ఒక కుటుంబానికి మేలు జరగడం మేము కళ్ళారా చూశాము. నాలుగేండ్ల క్రితం మా సంఘంలోని ఒక విధవరాలు, మేము అక్కా అని పిలుస్తాము, తన మూడెకరాలలో మొదటి జల్లుకే వేరుశనగ వేసింది. తరువాత పదునెనిమిది దినాలు బెట్ట. చేను బోడిగా ఉన్నది. గొర్రు మరల తోలించి కొత్త విత్తనం వేయాలని, నూటికి మూడు రూపాయల వడ్డీకి డబ్బు మాట్లాడుకొన్నది. ఆ రోజు ప్రార్థన కొరకు వారింటికి వెళ్ళాము. పెద్దాయన కూడ వచ్చాడు. ఆయన ఆమెకు వరుసకు చిన్నాయన.

“పాపా, తవ్వి చూసినావా?” అని అడిగాడు.

“ఏముండాది చిన్నాయనా తవ్వేదానికి? మాడి మసైపోయింటుంది.”

“పోయినదాన్ని పోయిందనేదానికైనా చూడల్ల గదా.”

నలుగురమూ చేలోకి పోయాము. కొడవలి మొనతో సాలు వెంట పల్లపు భాగంలో 20 చోట్ల తీశాము. రెండంగుళాల లోతున గింజ ఉన్నది. వేరు అంగుళం మేర వచ్చి, ఎండి, గోధుమరంగు దారంలాగా వేలాడుతున్నది. తాకితే రాలిపోయింది. తరువాత మిట్ట మీదికి పోయాము. అక్కడ గులకనేల, జల్లు తడి ఒక్క దినంలోనే ఆరిపోయి ఉంటుంది. గొర్రు వచ్చేసరికి ఆ భాగం పొడిగా ఉన్నది. అక్కడ తీసిన 20 గింజలూ తోలు బిగువుగా, ఎట్లా పోసినవి అట్లా ఉన్నాయి. ఒకటి కొరికితే టక్కుమన్నది. మిగిలినవాటికి ఇంకొన్ని చేర్చి మరల 20 చేసి, తడి గోనెపట్టాలో చుట్టి ఇంట్లో పెట్టించాడు పెద్దాయన. అయిదవ దినం విప్పితే 15 మొలిచాయి.

ఆ అక్క మిట్ట మీది ఎకరాను కదిలించలేదు. పల్లపు రెండెకరాలకే విత్తనం తెచ్చింది. ఆరుద్ర కార్తెలో జానెడు పదును అయ్యేంత వాన పడినప్పుడు మిట్ట మీద పాత విత్తనమే మొలిచింది, పల్లంలో కొత్తది మొలిచింది. ఒక ఎకరా విత్తనం డబ్బు అప్పు తగ్గింది. ఆ ఏడు పంట గొప్పగా లేదు. తాకట్టు పెట్టిన కమ్మలు ఆమె సంక్రాంతి దాటిన తరువాతనే విడిపించుకొన్నది. మూడెకరాలకూ అప్పు చేసి ఉంటే ఆ కమ్మలు తిరిగి వచ్చేవి కావని ఆమే చెప్పింది.

తడితో కలిసినప్పుడే ఎండ గింజను చంపుతుందనడానికి మంచి సాక్ష్యం నారుమళ్ళలో ఉన్నది. 1976లో ఇశ్రాయేలు దేశంలో కతాన్ అనే శాస్త్రజ్ఞుడూ ఆయన తోటివారూ ఒక పద్ధతిని ప్రకటించారు. వేసవిలో మడిని బాగా తడిపి, పైన పలుచని తెల్ల పాలిథిన్ పట్టా పరచి, అంచులు మట్టితో మూసి, నాలుగు నుండి ఆరు వారాలు ఉంచుతారు. లోపలి వేడికి తెగుళ్ళ బీజాలూ, అనేక కలుపు గింజలూ చస్తాయి. ముందు మడిని తడపకపోతే అంతగా పని జరగదు. మే నెలలో మన బీడు నేల పైపొర 60 డిగ్రీల దాకా కాగుతుంది గదా, అయినా అందులోని పొడి కలుపు గింజలు జూన్‌లో నిగనిగలాడుతూ లేస్తాయి. అదే గింజను తడిపి ఉడకబెడితే చస్తుంది. మిరప, టమాట నారు పోసుకొనే కుటుంబాలు ఈ పద్ధతి చేసుకోదగినది. మూడెకరాల చేనుకు పట్టా కొనడం మన శక్తికి మించినది.

కలుపు మాట వచ్చింది కాబట్టి ఆ అక్క పల్లపు చేనుకే మరల పోదాము. రెండవసారి తడి నేలలో గొర్రు తోలించిన పదిదినాలకు వేరుశనగకంటె ముందు గునుగు, ముళ్ళతోటకూర, గంగవావిలి లేచాయి. మిట్ట మీద, కదిలించని ఎకరాలో, అంత లేవలేదు. “మేం వేసింది ఒకటి, మొలిచింది ఇంకొకటి” అన్నది ఆమె. సువార్తలోని మనుష్యులు నిద్రించుచుండగా శత్రువు వచ్చి గురుగులు చల్లిపోయాడు. ఇక్కడ ఏ శత్రువూ రాలేదు. ఆ గింజలు ఎన్నో ఏండ్లుగా ఆ నేలలోనే ఉన్నాయి. వాటిని లేపినది తడి ఒక్కటే కాదు, వెలుగు కూడ.

మనం విత్తే పెద్ద గింజలకు వెలుగుతో పని లేదు. రెండంగుళాల చీకటిలో నుండి పైకి రావడానికి చాలినంత ఆహారం వాటి వద్ద ఉన్నది. ఆవగింజకన్న చిన్నవైన కలుపు గింజలకు ఆ బలం లేదు. లోతులో మొలిస్తే దారిలోనే చస్తాయి. అందుకని వాటిలో చాలామట్టుకు వెలుగు తగిలితేనే మొలిచేటట్టు సృష్టించబడినవి. పొగాకు గింజ కూడ అలాంటిదే, అందుకే నారుమడిలో దానిని ఇసుకతో కలిపి పైపైన చల్లుతారు గాని పూడ్చరు. పొగాకును మేము మెచ్చుకొని చెప్పడంలేదు, ఉదాహరణకు చెప్పాము. వెలుగు మట్టిలోకి నాలుగైదు మిల్లీమీటర్లకు మించి చొరబడదు. కాబట్టి గింజకు వెలుగు తగిలిందంటే తాను నేల పైకి చేరువలో ఉన్నానని దానికి తెలిసినట్టే.

గింజ వెలుగును ఎట్లా ఎరుగుతుందో 1952లో అమెరికాలోని బెల్ట్స్‌విల్ పరిశోధన కేంద్రంలో తేల్చారు. లెట్యూస్ అనే ఆకుకూర గింజలను తడిపి, ఒకసారి ఎర్ర వెలుగు చూపారు, మొలిచాయి. ఎర్ర వెలుగు తరువాత కంటికి సరిగా ఆనని అతి ముదురు ఎర్ర వెలుగు చూపారు, మొలవలేదు. ఒకదాని తరువాత ఒకటి ఎన్నిసార్లు మార్చినా, చివర ఏ వెలుగు పడిందో గింజ దానికే లోబడింది. గింజలో ఉండి ఈ పని చేసే పదార్థానికి ఫైటోక్రోమ్ అని పేరు పెట్టారు. పచ్చని ఆకులు మామూలు ఎరుపును తామే తినేసి, ఆ ముదురు ఎరుపును కిందికి వదులుతాయి. కాబట్టి దట్టమైన పైరు నీడలో ఉన్న కలుపు గింజ తనపైన వేరొకరు ఉన్నారని గ్రహించి నిద్రలోనే ఉండిపోతుంది. వేరుశనగ సాళ్ళ మధ్య త్వరగా కమ్ముకొనే అలసంద వేసే రైతు, తెలిసి చేసినా తెలియక చేసినా, ఈ పనే చేస్తున్నాడు.

మెట్ట రైతుకు ఇందులో పనికివచ్చే ముక్క ఇంకొకటి ఉన్నది. పొడి గింజకు వెలుగు దాదాపు వినబడదు. నీరు తాగి ఉబ్బిన గింజకే వినబడుతుంది. కొన్ని వారాలు తడి మట్టిలో పడి ఉన్నదానికైతే రెప్పపాటు వెలుగు కూడ చాలు. నాగలి మట్టిని తిరగవేసే ఆ క్షణంలో పడే వెలుగే చాలు. వేసవిలో నేల పొడిగా ఉన్నప్పుడు దున్నితే గింజలు అటూ ఇటూ దొర్లుతాయే గాని, ఆ దొర్లడంలో తగిలిన వెలుగుకు లేవవు. వాన పడిన తరువాత లోతుగా దున్నితే ప్రతి సాలూ ఒక మేలుకొలుపు. మా పెద్దాయన వంటివారు మొదటి మంచి వానకు విత్తక, వారం పది దినాలు ఆగి, లేచిన కలుపును గుంటకతో పైపైన కోసి, రెండవ పదునుకు విత్తుతారు. లోతుగా కదిలించరు. ఆ పది దినాలు ఆగగలిగే ధైర్యం అందరికీ ఉండదు. అదను దాటిపోతుందేమో అన్న భయం న్యాయమైనదే. రెండవ వాన రాకపోతే ఎవరు బాధ్యులు? అందుకని మేము ఎవరినీ ఆగమని ఒత్తిడి చేయము.

జర్మనీలో ఇద్దరు శాస్త్రజ్ఞులు రాత్రి చీకటిలో దున్ని చూసి, పగలు దున్నిన దానికంటె కలుపు చాలా తక్కువగా లేచిందని 1990లో ప్రకటించారు. తరువాత చేసినవారికి ఒక్కొక్క చోట ఒక్కొక్క ఫలితం వచ్చింది. మా యువకులు ఇది విని ఉత్సాహపడ్డారు గాని, పాములు తిరిగే కాలంలో రాత్రి పొలాలలో ఎద్దులను తోలడం మాకు మంచిగా తోచలేదు.

నేలలో గింజ ఎన్నేండ్లు బ్రతుకుతుందని అడిగేవారికి మిషిగన్ సీసాల సంగతి చెప్పాలి. 1879లో విలియం బీల్ అనే వృక్షశాస్త్ర అధ్యాపకుడు 20 సీసాలలో కలుపు గింజలను తడి ఇసుకతో కలిపి పోసి, నీరు నిలవకుండ మూతి కిందికి ఉండేలాగున పూడ్చిపెట్టాడు. కలుపు తీసి తీసి విసిగిన రైతులకు జవాబు చెప్పాలని ఆయన కోరిక. కొన్నేండ్లకొక సీసా చొప్పున నేటికీ తీస్తున్నారు. 2021 ఏప్రిల్‌లో తీసినప్పుడు తెల్లవారకముందే, చీకటిలో, పచ్చని మసక దీపాలతో తవ్వారు. పగటి వెలుగు పడి గింజలు ముందుగానే లేవకూడదని ఆ జాగ్రత్త. 142 సంవత్సరాల తరువాత కూడ పసుపు పూల కలుపు జాతి ఒకటి మొలిచింది. చివరి సీసాను 2100లో తీయాలని అనుకొంటున్నారు.

మన వయ్యారిభామ అంత దీర్ఘాయువు కాదు గాని చాలినంత మొండిది. ఈ దేశంలో దానిని 1955లో పూణే దగ్గర గుర్తించారు. ఇప్పుడు అది లేని ఊరిబాట లేదు. ఒక్క మొక్క వేల గింజలు రాల్చుతుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో పరీక్షించి చూస్తే, నేలపైన పడియున్న గింజలు ఆరు నెలలు దాటి బ్రతకలేదు. రెండంగుళాల లోతున పూడినవాటిలో రెండేండ్ల తరువాత కూడ 100కి 70కి పైగా ప్రాణంతో ఉన్నాయి. పైన ఉన్నదానికి వెలుగూ, మంచూ, చిన్న జల్లూ అన్నీ తగులుతాయి. అది లేవడమో, లేచి మాడడమో, చీమల పాలవడమో జరుగుతుంది. కాబట్టి పూత వచ్చి గింజ రాలిన వయ్యారిభామను లోతుగా దున్ని కప్పేయడమంటే దానికి గాదె కట్టి ఇచ్చినట్టే. పూతకు ముందే పీకాలి, చేతులకు ఏదైన తొడుగు వేసుకొని పీకాలి, ఎందుకంటే దాని వలన చర్మానికి దురద పుడుతుంది.

ఈమధ్య రైతు సాధికార సంస్థ వారు ప్రకృతి వ్యవసాయంలో భాగంగా, వానకు ముందే పొడి దుక్కిలో విత్తే పద్ధతిని మా జిల్లాలలో చేయిస్తున్నారు. నవధాన్యాల గింజలకు బంకమట్టి, బూడిద, పేడతో చేసిన ఎరువు పొరలు పొరలుగా పట్టించి, గుండ్లలాగా ఆరబెట్టి వేసవిలోనే చల్లుతారు. పైపొర చీమలనుండి కాపాడుతుంది, చిన్న జల్లుకు గింజ తొందరపడకుండ కొంత అడ్డుపడుతుంది. తంగేడు గింజకు పుట్టుకతోనే ఉన్న తోలును మనం చేతితో తొడిగినట్టన్నమాట. మా సంఘంలో రెండు కుటుంబాలు వేశాయి. ఒకరిది బాగా లేచింది. ఇంకొకరిది పలుచగా లేచింది, వారి నేల గట్టిపడి పెచ్చు కట్టిందని పెద్దాయన చెప్పాడు.

మా సంఘంలో ఇప్పుడు మే నెల ఆఖరి ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత ఎవరి విత్తనం వారు 100 గింజలు తెస్తారు. ఏరి తేకూడదు, సంచి అడుగునుండి, మధ్యనుండి, పైనుండి కలిపి తేవాలి. తడిపి పిండిన గోనెపట్టా మీద వరుసగా పేర్చి, చాపలాగా చుట్టి, ఇంటి పేరు రాసిన చీటీ కట్టి, గుడి వెనుక వేపచెట్టు నీడలో పెడతాము. దినమూ రెండుసార్లు నీళ్ళు చల్లేది సండే స్కూలు పిల్లలు. ఏడవ దినం విప్పి లెక్కిస్తాము. 80కి పైగా మొలిస్తే మామూలు మోతాదు, 60, 70 వస్తే కొంచెం ఒత్తుగా విత్తుకోవాలి, అంతకు తగ్గితే ఆ విత్తనం వండుకోవడానికో నూనెకో పోతుంది. పోయిన సంవత్సరం ఇరవై రెండు కుటుంబాల విత్తనం పెట్టాము. మూడు కుటుంబాలవి 50 దాటలేదు, మూడూ గచ్చు మీద పెట్టిన సంచులే. వానకు ముందే తెలిసింది కాబట్టి వారు బంధువుల దగ్గర విత్తనం మార్చుకోగలిగారు.